విద్యుత్సంగీతము – బ్రతుకుతెరువు

గత సంవత్సరము ఒకనాడు మా కళాశాల ప్రయోగశాలలో శ్రుతిదండమును గాజుగొట్టముపై నుంచి, గొట్టములోని గాలిస్తంభము అనునాదము చెందుటను విద్యార్థులకు చూపుచుంటిని. పాఠము ముగిసి అందరును వెడలిపోయినను ఒక విద్యార్థి మాత్రము నిలిచియుండెను. అతడు శ్రీకాకుళము జిల్లా పల్లెవాడు. తండ్రి పెండ్లిండ్లలో సన్నాయి వాయించును.

"మాస్టారూ, మా ఊళ్లకి డీజే పెట్టెలు వచ్చినకాడినుంచి నాన్నకి పిలుపులు తగ్గిపోనాయి. ఆ పెట్టెల్లో మోగేలాంటి పాటలు కంప్యూటరు మీద నేనే కడుతున్నాను. దీంతో బతకగలనా?" అని అడిగెను.

నేను తొందరపడి, "ముందు డిగ్రీ పూర్తి చెయ్యి. పాటలు కడుపు నింపవు" అంటిని. అతడు తల వంచుకొని వెడలిపోయెను. ఇంటికి చేరిన పిమ్మట నా సమాధానము నన్నే బాధించినది. పాటలు కడుపు నింపనిచో మన విజయనగర సీమనుండి ఇందరు గాయకులు, సంగీత దర్శకులు ఎట్లు బ్రతికిరి? క్రొత్త యంత్రము వచ్చినప్పుడెల్ల ఎవరి కూడు పోయినది? ఎవరికి దొరికినది? ఆ కుర్రవాడు అడిగినది కొంత శాస్త్రమునకు, కొంత చరిత్రకు సంబంధించిన ప్రశ్న. దానికి తగిన జవాబును వెదకుటయే ఈ వ్యాసము.

సంస్థానపు నీడ

విజయనగరములోని సంగీత కళాశాలను 1919వ సంవత్సరమున పూసపాటి విజయరామ గజపతిరాజుగారు స్థాపించిరి. హరికథా పితామహులని ప్రసిద్ధికెక్కిన ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి ప్రథమాధ్యక్షులు. ద్వారం వెంకటస్వామినాయుడుగారు వాయులీనాచార్యులుగా చేరి, 1936లో అధ్యక్షులైరి. రాజు మెప్పించినప్పుడు శాలువా, మెప్పించనినాడు పస్తు అను పద్ధతిపై ఆధారపడిన సంగీతవేత్తకు, నెలనెల జీతము లభించు కొలువు గొప్ప ఆధారమే యైనది.

ఐతే ఈ నీడ కొలదిమందికే చాలినది. కృష్ణా జిల్లానుండి సంగీతమునకై వచ్చిన ఘంటసాల వేంకటేశ్వరరావుగారు (1922–1974) పట్రాయని సీతారామశాస్త్రిగారి శిష్యులై, జోలె పట్టి మధుకరమెత్తి, ఆ అన్నముతో చదువు సాగించిరన్నది తెలుగువారందరెరిగిన సంగతి. విద్య ఉచితముగా దొరికినను అన్నము దొరకలేదు. తరువాత దేశమంతట పేరొందిన గాయని పి. సుశీలగారును 1935లో విజయనగరముననే జన్మించి, ఇచ్చటనే సంగీతము నేర్చిరి. కాని వీరిద్దరి జీవనము సాగినది విజయనగరమున కాదు, మద్రాసులో. ఎందువలన?

దీనికి మొదటి కారణము భౌతికశాస్త్రమే. ధ్వని తీవ్రత, దూరము యొక్క వర్గమునకు విలోమానుపాతముగా తగ్గును. 10 మీటర్ల దూరమున కూర్చున్నవానికి వినబడు తీవ్రతలో నాలుగవ వంతు మాత్రమే 20 మీటర్ల దూరమువానికి చేరును. 40 మీటర్లవానికి పదునారవ వంతు. గొంతు ఎంత గొప్పదైనను, ఒక రాత్రి పాటను వినగలిగినవారు ఒక చావడికి పట్టునంతమందే. వినువారి సంఖ్యకు హద్దున్నప్పుడు సంపాదనకును హద్దుండును. ఆ లోటును పూరించుటకే రాజు కావలసివచ్చెను.

ధ్వని మనిషిని విడిచినది

1877లో ఎడిసన్ ఫోనోగ్రాఫును కనిపెట్టెను. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాటలను రికార్డు చేయుటతో మన దేశమున ఈ వ్యాపారము వేరూనెను. మొదటి రోజులలో గాయకుడు పెద్ద కొమ్మువంటి గొట్టములోనికి గట్టిగా పాడవలెను. ఆ గాలి కదలికయే సూదిని కదల్చి మైనముపై గీత గీచును. మెత్తని గొంతులకు, వీణవంటి సున్నితవాద్యములకు ఆ పద్ధతి పనికిరాదు. 1925లో మైక్రోఫోను, వ్యాక్యూమ్ ట్యూబ్ ఆంప్లిఫయరు రికార్డింగులోనికి వచ్చినవి. అప్పుడు గుసగుసగా పాడినను సూది కదలెను. లలితసంగీతము అను ప్రక్రియ పెరుగుటకు వీలు కల్పించినది ఈ చిన్న మార్పే.

దీనిని పూర్తిగా అందిపుచ్చుకొన్న మనవారు సాలూరి రాజేశ్వరరావుగారు. సాలూరు దాపుననున్న శివరామపురమున 1922లో జన్మించిరి. ఆ గ్రామము పూర్వము విజయనగరము జిల్లాలో నుండి, 2022 నుండి పార్వతీపురం మన్యం జిల్లాలో చేరినది. తండ్రి సన్యాసిరాజుగారు ద్వారంవారికి మృదంగ సహకార మందించినవారు. కుమారుడు బాల్యముననే గ్రామఫోను రికార్డులకు పాడి, 1935 నాటి 'శ్రీకృష్ణ లీలలు' చిత్రమున కృష్ణుడుగా నటించెను. పిమ్మట 'చంద్రలేఖ' (1948), 'మల్లీశ్వరి' (1951), 'మిస్సమ్మ' (1955) చిత్రముల సంగీతముతో ఆయన పేరు ఇంటింటి మాటయైనది.

తండ్రి జీవనము సభలోని శ్రోతలపై ఆధారపడినది. కుమారుని జీవనము యంత్రముపై ఆధారపడినది. ఐతే ఆ యంత్రము శివరామపురమున లేదు, విజయనగరమునను లేదు. రికార్డింగు కంపెనీలు, సినిమా స్టూడియోలు మద్రాసులో నుండెను. రేడియో కేంద్రము మద్రాసులో 1938లో, విజయవాడలో 1948లో, విశాఖపట్టణమున 1963లో వచ్చెను. యంత్రము ఎచ్చట నున్నదో బ్రతుకుతెరువును అచ్చటికే తరలిపోవును. ఈ సూత్రమును పాఠకులు గుర్తుంచుకొనవలెను. చివర దానితో పని కలదు.

విద్యుత్తే వాద్యమైనప్పుడు

మైక్రోఫోను ధ్వనిని మోసికొనిపోవును గాని పుట్టింపదు. ధ్వనిని పుట్టించు పని విద్యుత్తుకు అప్పగించుటతో ఎలక్ట్రానిక్ సంగీతము మొదలైనది. 1920 ప్రాంతమున రష్యాలో లెవ్ థెరమిన్ అను శాస్త్రజ్ఞుడు, తాకకుండగనే మ్రోగు వాద్యమొకటి నిర్మించెను. దాని కీలకము మన విద్యార్థులు పాఠములో చదువుకొను విస్పందనములే. ఒక డోలకము సెకనుకు 1,70,000 కంపనములు, మరియొకటి 1,70,440 కంపనములు చేసినచో, రెండును చెవికి వినబడవు. కాని రెంటిని కలిపి తగిన వలయముగుండ పంపినచో వాని భేదమగు 440 కంపనముల స్వరము వినబడును. వాయించువాని చేయి దగ్గరైనకొలది వలయపు కెపాసిటీ మారి, ఒక డోలకపు పౌనఃపున్యము జరుగును, స్వరమును జరుగును.

మన దేశపు ప్రజలు ఇట్టి ధ్వనిని తెలియకనే విని ఆనందించిన సందర్భమొకటి కలదు. 1954 నాటి హిందీ చిత్రము 'నాగిన్'లో పామును ఆడించు నాగస్వరము వెదురుబుర్రది కాదు. ఫ్రాన్సు దేశమున 1947లో కాన్‌స్టాంట్ మార్టిన్ నిర్మించిన క్లావియోలిన్ అను విద్యుద్వాద్యముపై కల్యాణ్‌జీ దానిని వాయించెను. నిజమైన పాములవాడు మాత్రము ఆ రికార్డింగుకు రానక్కరలేకపోయెను.

1964లో అమెరికాలో రాబర్ట్ మూగ్ నిర్మించిన సింథసైజరు ఈ విద్యకు శాస్త్రీయ రూపమిచ్చినది. దానిలో ముఖ్యమైనవి మూడు భాగములు. మొదటిది డోలకము, ఇది రంపపుపళ్లవంటి లేదా చతురస్రమువంటి తరంగమును పుట్టించును. రంపపు తరంగములో మూలస్వరముతో పాటు రెండు, మూడు, నాలుగు రెట్లు మొదలగు అన్ని అతిస్వరములు నుండును. చతురస్ర తరంగములో మూడు, ఐదు, ఏడు వంటి బేసి రెట్లు మాత్రమే యుండును. ఒక వైపు మూసిన గొట్టమున బేసి అతిస్వరములే యుండునని మనము ప్రయోగశాలలో చూచుదుము గదా! అందుచేతనే చతురస్ర తరంగము క్లారినెట్‌ను తలపించును. శంఖాకారపు గొట్టముగల సన్నాయికి అన్ని అతిస్వరములును కావలెను. రెండవది వడపోత, ఇది అక్కరలేని అతిస్వరములను తగ్గించును. మూడవ భాగము స్వరము ఎంత వేగముగ లేవవలెను, ఎంతసేపు నిలువవలెను, ఎట్లు సమసిపోవలెను అనుదానిని నిర్ణయించును. వీణ తీగను మీటినప్పటి ధ్వనికిని, కమాను లాగినప్పటి వాయులీన ధ్వనికిని గల భేదమునకు ఈ మూడవ అంశమే ముఖ్య కారణము.

రెండు హెచ్చరికలు

ఇంత గొప్ప యంత్రము వచ్చినంతమాత్రమున జీవనము దొరకునా? మన దేశ చరిత్రలో రెండు సంఘటనలు దొరకదని చెప్పుచున్నవి.

మొదటిది అహమ్మదాబాదులోనిది. 1969లో జాతీయ డిజైన్ సంస్థలో, అమెరికా సంగీతజ్ఞుడు డేవిడ్ ట్యూడర్ సహాయముతో మూగ్ సింథసైజరుగల స్టూడియో నెలకొల్పబడెను. 1972 వరకు మనవారు అచట చక్కని ప్రయోగములు చేసిరి. ఆ టేపులు తరువాత దశాబ్దముల తరబడి మరుగునపడి, ఇటీవలి కాలమున మాత్రమే వెలుగు చూచినవి. యంత్రమున్నది, ప్రతిభయున్నది; కాని వినువారికిని ఆ గదికిని నడుమ దారి లేకపోయెను.

రెండవది బొంబాయిలోనిది. సినిమా వాద్యబృందములలో పనిచేసిన చరణ్‌జిత్ సింగ్ 1982లో పది రాగములను డిస్కో తాళమునకు కూర్చి, జపాను యంత్రములపై వాయించి ఒక రికార్డు తెచ్చెను. ఆనాడు దానిని కొన్నవారు బహుస్వల్పము. 2010లో తిరిగి విడుదలయైనప్పుడు, పాశ్చాత్యదేశముల నృత్యసంగీతములో తరువాత పుట్టిన పోకడలను ఈయన ముందే పట్టెనని ప్రపంచము ఆశ్చర్యపడినది. ఆయన 2015లో కీర్తిశేషుడయ్యెను. ఇరువదియెనిమిదేండ్లు ఆలస్యముగ వచ్చిన కీర్తి, ఆ ఇరువదియెనిమిదేండ్ల అద్దె కట్టదు. ఆయన ఇల్లు గడిచినది సినిమా వాద్యబృందములలోని పనివలననే.

శివరామపురము – రెండవ తరము

1983లో రెండు ముఖ్య సంఘటనలు జరిగెను. ఒకటి, వేర్వేరు కంపెనీల యంత్రములు ఒకదానితో నొకటి మాటలాడుటకు మిడి అను సంకేతభాష ఏర్పడినది. రెండవది, యమహా డీఎక్స్7 కీబోర్డు విడుదలయైనది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున జాన్ చౌనింగ్ 1967లో కనుగొనిన సూత్రము దానికి మూలము. ఒక తరంగపు పౌనఃపున్యమును మరియొక తరంగముచే వేగముగ ఊగించినచో గంటలు, ఇత్తడి వాద్యములు మొదలగు అనేక ధ్వనులు పుట్టును.

ఈ యంత్రములు మద్రాసు చేరువేళకు రాజేశ్వరరావుగారి కుమారుడు కోటేశ్వరరావుగారు, టి. వి. రాజుగారి కుమారుడు సోమరాజుగారితో కలిసి రాజ్–కోటి అను పేర సంగీత దర్శకులై యుండిరి. 'యముడికి మొగుడు' (1988), 'హలో బ్రదర్' (1994) వంటి చిత్రములతో వారి బాణీలు ఊరూర మ్రోగినవి. కీబోర్డు, డ్రమ్ మెషీన్ల ధ్వని వారి పాటలకు ముఖ్యాంగము. వారివద్ద కీబోర్డు వాయించి, ప్రోగ్రామింగు చేసిన యువకుడొకడు 1992లో 'రోజా' చిత్రముతో దేశమంతట ప్రసిద్ధుడయ్యెను. ఆయనే ఎ. ఆర్. రహమాన్. అంతకు పూర్వము ఆయన ఇతరుల బృందములలో వాయించుచు, వ్యాపారప్రకటనలకు సంగీతము కట్టుచు జీవించెను. 1987లో హైదరాబాదు ఆల్విన్ గడియారముల ప్రకటనకు కూర్చిన సంగీతము అట్టి తొలి పనులలోనిది. ఆ సంపాదన అండగా ఇంటివద్దనే స్టూడియో కట్టుకొనెను.

తాత మృదంగము, తండ్రి మైక్రోఫోను, మనుమడు సింథసైజరు! ఒకే కుటుంబమున మూడు తరములలో సంగీతజీవనము మూడు రూపములు దాల్చినది.

ఐతే నాణెమునకు రెండవ వైపును చూడవలెను. పూర్వము ఒక పాటకు వాయులీనములు, సెల్లోలు, వేణువులు, తబలాలు కలిసి పదులమంది స్టూడియోలో కూర్చుండిరి. కాల్‌షీటు లెక్కన వారికి కూలి ముట్టెడిది. కీబోర్డు వచ్చిన పిమ్మట వాయులీన బృందపు ధ్వనిని ఒక్కడు పది వ్రేళ్లతో పుట్టింపగలిగెను. 1990ల నుండి మద్రాసులో అనేక వాద్యకారులకు పిలుపులు తగ్గినవి. నా విద్యార్థి తండ్రికి శ్రీకాకుళము జిల్లా పల్లెలో జరిగినదియు, మద్రాసు వాయులీన విద్వాంసునికి జరిగినదియు ఒక్కటే.

గమకము – యంత్రపు గడప

యంత్రము అన్నిటిని పుట్టింపగలదా? ఇచ్చట మన సంగీతము ఒక గట్టి ప్రశ్న వేయును. కీబోర్డులో షడ్జమునుండి పై షడ్జమువరకు పండ్రెండు సమాన మెట్లు కలవు. ఒక మెట్టునుండి తరువాతి మెట్టుకు పౌనఃపున్యము సుమారు 1.0595 రెట్లు పెరుగును. పండ్రెండుమార్లు పెరిగినచో సరిగా రెండు రెట్లగును. ఈ మెట్లమధ్య నిలుచుటకు తావు లేదు. కాని తోడి రాగమున గాంధారము ఒక మెట్టుపై నిలువదు; క్రిందికి మీదికి ఊగుచుండును. ఆ ఊగుటయే రాగము.

మిడి భాషలో స్వరమును వంచుటకు ఒక చక్రము కలదు. దానికి 16,384 సూక్ష్మస్థానములు గలవు. కావున గణితమువలన లోపము లేదు. లోపము చేతిది. సన్నాయివాడు ఊపిరి, పెదవి, వ్రేలు ఒకేసారి కదల్చి క్షణమాత్రమున చేయుదానిని, కుడిచేత మెట్టు నొక్కి ఎడమచేత చక్రము త్రిప్పువాడు అనుకరించుట మిక్కిలి కష్టము. ధ్వని గుణమును అనుకరించుట సులభము. దాని నడకను అనుకరించుట కష్టము. అందుచేతనే నేటికిని మంచి సంగీత దర్శకులు వేణువు, వీణ, సన్నాయి వంటివానికి మనుష్యునే పిలుచుచున్నారు.

గదిలోనికి వచ్చిన స్టూడియో

1982లో వచ్చిన కాంపాక్టు డిస్కు ధ్వనిని అంకెలుగా మార్చినది. సెకనులో 44,100 మార్లు తరంగపు ఎత్తును కొలిచి, ఒక్కొక్క కొలతను 16 బిట్లలో వ్రాయుదురు. మనిషి చెవి వినగలిగిన గరిష్ఠ పౌనఃపున్యము సుమారు 20,000 హెర్ట్జులు. దానికి రెట్టింపుకు మించి కొలతలు తీసినగాని తరంగము పూర్తిగా తిరిగిరాదు. ఎడమ, కుడి చెవులకు వేరువేరుగా లెక్కించినచో మూడు నిమిషముల పాటకు సుమారు 3 కోట్ల 17 లక్షల బైట్లు అవసరము. 1982లో ఇది పెద్ద యంత్రములకే సాధ్యము. నేడు విద్యార్థి జేబులోని ఫోనుకు ఇది లెక్కలోనిది కాదు.

దీని ఫలితమును ఆలోచింపుడు. యంత్రమున్నచోటికి జీవనము తరలునని పైన చెప్పితిమి. ఇప్పుడు యంత్రమే శ్రీకాకుళము పల్లెకు వచ్చినది. డోలకము, వడపోత, రికార్డరు, మిశ్రణపు బల్ల, అన్నియు ఒక సాధారణ కంప్యూటరులో ఇమిడినవి. రాజేశ్వరరావుగారు మద్రాసుకు పోక తప్పలేదు. ఈ కుర్రవానికి ఆ నిర్బంధము లేదు. కాని యంత్రము ఇతని ఇంటికి వచ్చినట్లే లక్షలమంది ఇండ్లకును వచ్చినది. పూర్వము యంత్రము దొరకుట కష్టము, నేడు శ్రోత దొరకుట కష్టము.

డబ్బు ఏ దారిన వచ్చును?

ఇట్టి సంగీతకారుని ఆదాయము ఒకే కాలువనుండి రాదు. లఘుచిత్రములకు నేపథ్యసంగీతము, స్థానిక వ్యాపారుల ప్రకటనలు, పెండ్లి పాటలు, ఇతరులు పాడిన పాటలను శుద్ధిచేసి మిశ్రణము చేయుట, చిన్నవారికి నేర్పుట మొదలగునవి చేతిపని కూలి. ఇవి వెంటనే డబ్బు తెచ్చును. ఇంటర్నెట్టులో పాట వినిపించు సేవలు ఒక్కొక్క వినికిడికి ఇచ్చునది రూపాయిలో చిన్న భాగమే; వేలమంది వినినను ఇల్లు గడవదు. డీజే పెట్టెలతో ఊరేగింపులకు పోవుట వేరొక వృత్తి. దానికి పెట్టుబడి కావలెను. పైగా 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనల ప్రకారము రాత్రి 10 గంటలనుండి ఉదయము 6 గంటలవరకు బహిరంగస్థలములలో లౌడుస్పీకర్లు నిషిద్ధములు.

కూలికంటె వేరైనది హక్కు. దీని చరిత్ర ప్రతి విద్యార్థియు తెలిసికొనదగినది. మన కాపీరైటు చట్టము 1957 నాటిది. సంగీతకర్తల తరఫున రాయల్టీలు వసూలు చేయుటకు 1969లో ఇండియన్ పర్ఫార్మింగ్ రైట్ సొసైటీ ఏర్పడినది. కాని 1977లో సుప్రీంకోర్టు, నిర్మాత డబ్బిచ్చి సినిమాకొరకు చేయించుకొనిన సంగీతమునకు, వేరు ఒప్పందము లేనిచో, నిర్మాతయే మొదటి హక్కుదారుడని తీర్పు చెప్పినది. పాట రేడియోలో వేయిమార్లు మ్రోగినను దానిని కట్టినవానికి ఒకసారి ముట్టినదే దక్కెను. 2012లో చట్టమును సవరించి, సినిమా హాలులో ప్రదర్శనకు కాక ఇతరవిధముల పాటను వినియోగించినప్పుడు వచ్చు రాయల్టీలో సమభాగమును కవి, సంగీతకర్త ఇతరులకు వదలివేయుటకే వీలులేదని శాసించిరి. 1957నుండి 2012 వరకు ఏబదియైదేండ్లు! యంత్రములు మారినంత వేగముగ న్యాయము మారదు.

జానపద గీతముల విషయము మరికొంత సున్నితమైనది. తప్పెటగుళ్లు, జముకులకథ మన ఉత్తరాంధ్రకు సొంతమైన సంపద. వీనిలోని పాత పాటలకు కర్త పేరు తెలియదు గనుక చట్టము ఎవరికిని హక్కు చూపదు. ఐనను ఒక ముసలి కళాకారుని గొంతును ఫోనులో పట్టి, దానిక్రింద డ్రమ్ముల తాళము చేర్చి పంపినచో, ఆ గొంతు ఆయనది. ఆ ప్రదర్శనపై ఆయనకు హక్కు కలదు. ఆయన పేరు వేయుట, వచ్చినదానిలో భాగమిచ్చుట కనీస ధర్మము. చిన్నవాడు పెద్దవానికి చేసిన అన్యాయము, రేపు పెద్ద కంపెనీ చిన్నవానికి చేయు అన్యాయమునకు సాకగును.

విద్యార్థికి జవాబు

ఇంత ఆలోచించిన పిమ్మట ఆ విద్యార్థిని మరల పిలిచితిని. నా మొదటి మాటలో సగము వెనుకకు తీసికొంటినని చెప్పితిని. వెనుకకు తీసికొననిది డిగ్రీ మాట. చరణ్‌జిత్ సింగ్‌ను వాద్యబృందపు కూలి, రహమాన్‌ను ప్రకటనల పని నిలబెట్టినట్లే, ప్రతి కళాకారునికిని పేరు వచ్చువరకు నిలబడుటకొక పీట కావలెను. వెనుకకు తీసికొన్నది పాటలు కడుపు నింపవన్న మాట. నింపును, కాని ఆలస్యముగ నింపును, కొద్దికొద్దిగ నింపును, లెక్క వ్రాసికొనువానికే నింపును.

అతనికి మూడు సంగతులు చెప్పితిని. మొదటిది, ఒప్పందము కాగితముపై లేనిదే పాట ఇవ్వరాదు. రెండవది, అతిస్వరములు, వడపోత, అనునాదము అను పాఠములు పరీక్షకు మాత్రమే కావు. అవి అతని పనిముట్లు. వడ్రంగి కొయ్య గుణము నెరిగినట్లు ధ్వని గుణమును ఎరుగవలెను. మూడవది అతనినే అడిగితిని: "మీ నాన్నగారి సన్నాయిని ఎప్పుడైనా రికార్డు చేశావా?"

అతడు కొంతసేపు మాటలాడలేదు. "లేదండి. ఆ పెట్టెలు మా నాన్న కూడు తీసినాయి గదా, ఆయన దగ్గర కంప్యూటరు తెరవడానికే నాకు సిగ్గు" అనెను.

నెల దినముల తరువాత అతడు చెవులకు తగిలించుకొను ఫోను తెచ్చి నాకొక పాట వినిపించెను. క్రింద అతని యంత్రతాళము. పైన తండ్రి సన్నాయి. తాళము సామాన్యమే, లోపములును కలవు. కాని సన్నాయి ఒకచోట గాంధారముపై ఊగి, రెండు మెట్లమధ్య ఎచ్చటనో ఆగి, మెల్లగా దిగివచ్చినది. అట్టి స్వరము ఏ కీబోర్డులోను మెట్టుగా లేదు. పొరుగూరి లఘుచిత్రమువా రొకరు ఆ పాటను తీసికొని ఇచ్చిన చిన్న మొత్తమును తండ్రికొడుకులు చెరిసగము పంచుకొనిరట. కాగితము వ్రాసికొన్నాడా అని అడిగితిని. వ్రాసికొన్నాడు, సన్నాయి వాయించినవారి పేరు మొదట వేయించెను.

ఆ మొత్తముతో ఇల్లు గడవదని అతనికిని తెలియును, నాకును తెలియును. ప్రస్తుతము అతడు మూడవ సంవత్సరపు పరీక్షలకు చదువుచున్నాడు. మన పాఠశాలలలో ధ్వనిశాస్త్రము బోధించు ఉపాధ్యాయులు ఈసారి శ్రుతిదండమును మీటినప్పుడు, మీ తరగతిలో వాద్యకారుల బిడ్డలు ఎందరున్నారో ఒకమారు అడిగి చూడుడు. వారి ఇంటి విద్యకును మన పాఠమునకును గల సంబంధమును వారికి ఎవరును చెప్పియుండరు.